చలినేల మీద పడక: హిమాలయ నడకకు స్లీపింగ్ ప్యాడ్ ఎంచుకున్న నా అనుభవం

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, సాంక్రి గ్రామం నుంచి కేదార్‌కంఠ శిఖరానికి వెళ్ళే దారిలో జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు ఉంది. 2022 డిసెంబరులో ఆ చెరువు దగ్గర, మంచు మీద వేసిన గుడారంలో ఒక రాత్రంతా నేను కూర్చునే గడిపాను. నా స్లీపింగ్ బ్యాగు సున్నాకు పది డిగ్రీల కిందిదాకా ఆగుతుందని చెప్పి ఇచ్చినదే. లోపల రెండు స్వెట్టర్లు, ఉన్ని మేజోళ్ళు కూడా వేసుకున్నాను. పైనుంచి చలి తగలలేదు. కిందినుంచి తగిలింది. వెల్లకిలా పడుకుంటే వీపు, పక్కకు తిరిగితే తుంటి, భుజం, ఏది నేలను ఆనుకుంటే అది తడిగుడ్డ చుట్టినట్టు చల్లబడిపోయింది. మమ్మల్ని తీసుకువెళ్ళిన బృందం వారు తలా ఒక ఫోమ్ మ్యాట్ ఇచ్చారు గాని, అది ఎన్ని జట్ల కింద నలిగిందో, వేలెడు మందం ఉండవలసినది అట్టముక్కలా అణిగిపోయి ఉంది. తెల్లవారుజామున రెండింటికి నా వీపుసంచిని ఖాళీచేసి, దాని మీద వానకోటు మడిచి వేసి, వాటి మీద కూర్చున్నాను. పది నిమిషాల్లో వణుకు తగ్గింది. నాకు తక్కువైనది కప్పుకునేది కాదని, పరుచుకునేదని అప్పుడు అర్థమైంది.

ఇంటికి తిరిగివచ్చాక ఆ పరుచుకునేదాన్ని, అంటే స్లీపింగ్ ప్యాడ్ అనే పరుపును, ఎంచుకోవడానికి నాకు దాదాపు పది నెలలు పట్టింది. అంత కాలం ఎందుకు పట్టిందో, ఎక్కడెక్కడ తప్పు లెక్క వేశానో, నాలాగా ఈ తీరప్రాంతం నుంచి కొండలకు బయలుదేరే మరొకరికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను.

మాది నెల్లూరు, దర్గామిట్ట. పదహారేళ్ళుగా ఇందుకూరుపేట వైపు రొయ్యల ప్యాకింగ్ పనిలో ఉన్నాను. మా ఊళ్ళో పడక గురించి ఎవరూ చలి వైపునుంచి ఆలోచించరు. రోహిణి కార్తెలో రాత్రిపూట గచ్చు మీద నీళ్ళు చల్లి, తుడిచి, చాప కూడా లేకుండా ఒట్టి నేల మీద వాలితే వచ్చే హాయి మాకు తెలుసు. ఆ హాయి ఎక్కడినుంచి వస్తుంది? ఒంట్లోని వేడిని నేల లాగేసుకోవడం నుంచి. అదే నేల సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు చేసే పని కూడా అదే, కాకపోతే అప్పుడది మనకు ప్రాణాంతకం. ఎండాకాలంలో మనం కోరి తెచ్చుకునే ఉపకారమే ఆ మంచు మీద నన్ను నిద్రపోనివ్వలేదని గ్రహించాక, ఈ విషయం నాకు పరాయిదిగా అనిపించలేదు.

మా అమ్మ మాత్రం మొదటిరోజే తీర్పు చెప్పేసింది. "ఇంట్లో బొంత పెట్టుకోని కొత్త పరుపు ఎందుకురా నాయనా? అదే తీసకపో. బొంతకు మించింది యాడుంది?" అంది. పాత చీరలు ఏడెనిమిది పొరలుగా వేసి ఆమె చేత్తో కుట్టిన బొంత అది. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేకపోయింది. తూకం వేస్తే 2 కిలోల 800 గ్రాములు వచ్చింది. బరువు ఒక్కటే అయితే ఎలాగో మోసేవాణ్ణే. అసలు చిక్కు నూలుతో ఉంది. బొంత వెచ్చదనం దాని పొరల మధ్య నిలిచే గాలిది. మనిషి బరువుకు ఆ పొరలు అణిగితే గాలి పోతుంది. నేల చెమ్మ ఎక్కితే నూలు దాన్ని పట్టుకుని ఆరదు. స్లీపింగ్ బ్యాగు కూడా కిందివైపు ఇలాగే ఓడిపోతుంది. అందులోని దూదిగాని, ఈకలుగాని మన ఒంటి కింద నలిగి పలచబడతాయి కాబట్టి, ఎంత ఖరీదైన బ్యాగయినా పైవైపు కాపాడినంతగా కిందివైపు కాపాడలేదు. బ్యాగు మీద రాసే డిగ్రీల లెక్క కూడా కింద వేడిని ఆపే పరుపు ఉందన్న షరతు మీద వేసినదేనని నాకు అంతవరకు తెలియదు.

మా పనిలో నేను రోజూ చూసే వస్తువే నాకు దారి చూపింది. చెరువు పట్టుబడి అయిన వెంటనే వనామీ రొయ్యను ఐసుతో కలిపి థర్మోకోల్ పెట్టెలో సర్దుతాము. ఆ పెట్టె గోడలో ఉన్నది చాలామటుకు గాలే. ఆ గాలి ఒకదానితో ఒకటి కలవని చిన్న చిన్న గదుల్లో బందీ అయి ఉంటుంది. కదలలేని గాలి వేడిని మోసుకుపోలేదు. అదే గాలిని ఒక పెద్ద ఖాళీలో వదిలితే అది లోపలే తిరుగుతూ వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకు వేడిని చేరవేస్తుంది. ఇళ్ళల్లో చుట్టాలకు వేసే గాలిపరుపు మంచు మీద ఎందుకు పనికిరాదో దీనితో తేలిపోయింది. నీళ్ళ సంగతి కూడా అంతే. గదులు మూసి ఉన్న ఫోమ్ నీటిలో ముంచినా తడి పీల్చదు. గదులు తెరిచి ఉన్న స్పాంజి బకెట్టెడు నీళ్ళు తాగేస్తుంది. దుకాణంలో రెండూ ఒకే రంగులో, ఒకే మందంలో దొరకవచ్చు. అంచును గోటితో నొక్కి, ఒక చుక్క నీరు వేసి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

పరుపు వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలతను ఆర్ వాల్యూ అంటారు. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తన పద్ధతిలో కొలిచి తన అంకె తాను వేసుకునేది. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక అందరూ ఒకే తీరున కొలవడానికి వీలు కలిగింది. పరుపును రెండు పలకల మధ్య ఉంచుతారు. పై పలకను 35 డిగ్రీల దగ్గర, అంటే మన చర్మం వెచ్చదనానికి దగ్గరగా, కింది పలకను 5 డిగ్రీల దగ్గర నిలిపి, పై పలకను అదే వేడిలో ఉంచడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో చూస్తారు. నేను కాగితం మీద లెక్క కట్టుకున్నాను. ఆర్ 1 ఉన్న పరుపు ఆ పరిస్థితిలో చదరపు మీటరుకు దాదాపు 170 వాట్ల వేడిని కిందికి జారనిస్తుంది. నేలను ఆనే మన ఒళ్ళు అర చదరపు మీటరు అనుకుంటే 85 వాట్లు. నిద్రపోతున్న మనిషి ఒళ్ళు పుట్టించే వేడి మొత్తం సుమారు 70, 80 వాట్లే. అంటే పుట్టిన వేడినంతా నేలే మింగేస్తుంది. జూడా కా తాలాబ్ దగ్గర నా కింద ఉన్న అణిగిపోయిన మ్యాట్‌కు ఆ ఆర్ 1 కూడా ఉండి ఉండదు. ఇక వణకక ఏమి చేస్తాను?

ఈ లెక్కలో నాకు అన్నిటికంటె ఉపయోగపడిన సంగతి మరొకటి ఉంది. చదరపు మీటరు లెక్కన ఆర్ 2 పరుపు 85 వాట్లు వదిలితే, ఆర్ 4 పరుపు 43 వదులుతుంది, ఆర్ 6 పరుపు 28 వదులుతుంది. రెండు నుంచి నాలుగుకు పోతే మనకు ఆదా అయ్యేది 42 వాట్లు. నాలుగు నుంచి ఆరుకు పోతే ఆదా అయ్యేది 15 మాత్రమే. ధర మాత్రం రెండో మెట్టు దగ్గరే విపరీతంగా పెరుగుతుంది. నడిమంచులో, జనవరిలో గుడారం వేసేవారికి ఆ పదిహేను వాట్లూ కావలసిందే. నేను మళ్ళీ వెళ్ళదలచుకున్నది అక్టోబరులో, అదే సాంక్రి నుంచి మరోవైపు చీలే హర్ కీ దూన్ లోయకు. అది సుమారు 3,500 మీటర్ల ఎత్తు. ఆ నెలలో రాత్రి సున్నా చుట్టుపక్కలకు, ఒక్కోసారి ఇంకొంచెం కిందికి దిగుతుంది. నాలుగు దాటితే నాకు చాలునని నిశ్చయించుకున్నాను. ఒకదాని మీద ఒకటి వేసిన పరుపుల ఆర్ వాల్యూలు కూడుకుంటాయన్న సంగతిని మాత్రం అప్పుడు చదివి వదిలేశాను. అది తరువాత నన్ను కాపాడింది.

ఇక రకాలు. గదులు మూసిన ఫోమ్ మ్యాట్ ఒకటి, గాలి నింపుకునే పరుపు మరొకటి, లోపల తెరుచుకున్న ఫోమ్ ఉండి మూత తిప్పగానే తనంతట తాను గాలి పీల్చుకుని ఉబ్బేది ఇంకొకటి. ఈ మూడోదాన్ని 1970లలో సియాటిల్‌లో, బోయింగ్ కంపెనీలో పని పోయిన ఇంజనీర్లు తయారుచేసి థర్మ్-ఎ-రెస్ట్ పేరుతో అమ్మారు. దాని మీద పడుకుంటే ఇంటి పరుపు గుర్తుకువస్తుంది. కాని ఆర్ 4 దగ్గరకు వచ్చేసరికి బరువు కిలో దాటుతోంది, చుట్టినా బొద్దుగానే ఉంటోంది. వీపు మీద మోసేవాడికి అది కాదనుకుని పక్కన పెట్టేశాను. కారులో వెళ్ళి గుడారం వేసుకునేవారు దాన్ని తప్పక చూడాలి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో తిరిగితే నాకు దొరికినవి యోగా మ్యాట్‌లు. ఆరు మిల్లీమీటర్ల మందం, కిలోకు కొంచెం తక్కువ బరువు, చుడితే చేతి సంచి అంత లావు. అవి జారకుండా ఉండటానికి చేసినవి, వేడిని ఆపడానికి కావు. కాబట్టి మా బావమరిదిని వెంటబెట్టుకుని ఒక ఆదివారం తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వెళ్ళాను. అతనూ నాతో హర్ కీ దూన్ వస్తానన్నాడు. అక్కడ ఒక పెద్ద క్రీడాసామగ్రి దుకాణంలో పరుపులు పరిచి చూడనిచ్చారు. చాలామంది వెల్లకిలా ఒక్క నిమిషం పడుకుని లేచిపోతున్నారు. నేను ఇంట్లో ఎలా పడుకుంటానో అలాగే, కుడిపక్కకు ఒత్తిగిలి, ఒక్కోదాని మీద పావుగంట ఉన్నాను. పక్కకు పడుకునే మనిషి బరువంతా తుంటి మీద, భుజం మీద పడుతుంది. నా బరువు 78 కిలోలు. రెండు సెంటీమీటర్ల ఫోమ్ మీద ఐదు నిమిషాలకే తుంటి ఎముక నేలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు సెంటీమీటర్ల గాలిపరుపు మీద గాలి నిండుగా ఉంటే బాగుంది, కొంచెం తీయగానే తుంటి నేలకు తగిలింది. ఏడు సెంటీమీటర్లు దాటినదాని మీద, చేతికి మెత్తగా తగిలేంత గాలి తీసినా, ఎముక నేలను ముట్టలేదు. బావమరిది వెల్లకిలా పడుకునే మనిషి. అతనికి ఫోమే హాయిగా ఉందట. "నీకెందుకు బావా అంత మందం?" అని అడిగాడు. ఒకరికి సరిపోయినది మరొకరికి సరిపోదనడానికి మా ఇద్దరి తుంటి ఎముకలే సాక్ష్యం.

వెడల్పు విషయంలో నేను దాదాపు మోసపోయేవాణ్ణి. మామూలు పరుపు వెడల్పు 51 సెంటీమీటర్లు. నిలబడి చూస్తే సరిపోతుందనే అనిపిస్తుంది. పడుకుని రెండు చేతులూ పక్కన పెట్టుకుంటే మోచేతులు జారి నేల మీద పడతాయి. 63 సెంటీమీటర్లది తీసుకుంటే వంద గ్రాముల పైచిలుకు పెరుగుతుంది. పక్కకు పడుకునేవాడికి చేతులు ముందుకు ముడుచుకుంటాయి గనుక, తూకం చూసుకుని మామూలు వెడల్పుకే ఒప్పుకున్నాను. పొడవు మాత్రం 183 సెంటీమీటర్లు తప్పనిసరి అనుకున్నాను. బరువు తగ్గించడానికి భుజం నుంచి మోకాలి దాకా వచ్చే పొట్టి పరుపు వాడి, కాళ్ళ కింద ఖాళీ సంచి పెట్టుకునేవారున్నారు. చలిలో ముందుగా బాధపడేవి నా పాదాలే కాబట్టి ఆ దారి నాకు కుదరలేదు.

బట్ట మందాన్ని డెనియర్‌లో చెబుతారు. తొమ్మిది వేల మీటర్ల నూలుపోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉన్న వెంకటగిరి చీరల లెక్క తెలిసిన మాబోటివాళ్ళకు ఇక్కడ తికమక కలుగుతుంది: అక్కడ కౌంటు పెరిగేకొద్దీ పోగు సన్నం, ఇక్కడ డెనియర్ పెరిగేకొద్దీ పోగు లావు. తేలికగా ఉండే గాలిపరుపులు 20, 30 డెనియర్ నైలాన్‌తో వస్తాయి. చేత్తో పట్టుకుంటే పట్టులా ఉంటుంది. ఆ పట్టుతనం చూసి నాకు భయం వేయవలసింది, ముచ్చట వేసింది.

లోపల వేడిని వెనక్కి తిప్పే వెండిరంగు పొర ఉండి, ఆర్ 3 ఉన్న, ఏడున్నర సెంటీమీటర్ల గాలిపరుపు ఒకటి కొన్నాను. ఆర్ 4.5 ఉన్నదాని ధర దీనికి రెట్టింపు ఉంది. అప్పటికి నాలుగు కావాలన్న నా లెక్కకు అది తక్కువే. ఒంటి మీద బట్టలు పెంచుకుంటే సర్దుకుంటుందిలే అనుకున్నాను. అది తప్పు. కిందనుంచి పోయే వేడికి పైన వేసుకునే స్వెట్టరు జవాబు కాదని ఒకసారి అనుభవించినవాణ్ణే, ధర చూడగానే మరిచిపోయాను.

కొన్న వారానికి పొదలకూరు దగ్గర మా మామగారి నిమ్మతోటలో ఒక రాత్రి పడుకుని చూద్దామని ఇద్దరం వెళ్ళాము. చెట్ల మధ్య నేల చీపురుతో ఊడ్చి, పైన ఒక పట్టా పరిచి, దాని మీద గుడారం వేశాము. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి నా తుంటి నేల మీద ఉంది. పరుపు పూర్తిగా చదునైపోయింది. పొద్దున వెతికితే పట్టాను, గుడారం అడుగును, పరుపును మూడింటినీ దాటుకుని వచ్చిన ఎండు నిమ్మముల్లు కనిపించింది. అంగుళం కూడా లేదు. మామగారు దాన్ని చేతిలోకి తీసుకుని, తోటలో చెప్పుల్లోంచి దిగే ముల్లు గాలిసంచిని వదులుతుందా నాయనా అన్నారు.

ఆ రోజు నేర్చుకున్నంత నేను ఏ దుకాణంలోనూ నేర్చుకోలేదు. తోటలోని నీళ్ళ తొట్టిలో పరుపును కొంచెం కొంచెంగా ముంచి, సైకిల్ ట్యూబును చూసినట్టే బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, పెన్నుతో గుర్తు పెట్టాము. ముల్లు ఒకటే అయినా రంధ్రాలు రెండున్నాయి. దగ్గరి సైకిల్ షాపులో రబ్బరు సొల్యూషన్ తెచ్చి అతుకు వేస్తే, సాయంత్రానికి అది పొలుసులా ఊడివచ్చింది. ఆ జిగురు రబ్బరుకు పట్టినట్టు ఈ పూత వేసిన నైలాన్‌కు పట్టదు. ఆ తరువాత పరుపుతోపాటు వచ్చిన అతుకునే వాడాను. చోటంతా స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గాలి లేకుండా చదును చేసి, అతుకు అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాక నిలిచింది. ఇప్పటికీ నిలిచే ఉంది. అయితే మంచులో, చీకట్లో, వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు తొట్టి ఎక్కడ, స్పిరిట్ ఎక్కడ, ఆరడానికి వ్యవధి ఎక్కడ?

అంతవరకు నేను ఏ పరుపు బాగా పనిచేస్తుందని అడుగుతూ వచ్చాను. ఆ రోజు నుంచి, పరుపు పనిచేయడం మానేసిన రాత్రి నా కింద ఇంకేమి మిగులుతుందని అడగడం మొదలుపెట్టాను. ప్రశ్న మారగానే, చదివి వదిలేసిన కూడిక గుర్తుకువచ్చింది. అట్టపెట్టెలా మడతలు పడే, గుడ్లు పెట్టే ట్రేలా గుంటలు గుంటలుగా ఉండే రెండు సెంటీమీటర్ల ఫోమ్ మ్యాట్‌కు ఆర్ 2 ఉంటుంది. బరువు నాలుగు వందల గ్రాముల చిల్లర. దాన్ని కింద వేసి, గాలిపరుపును పైన వేస్తే మొత్తం ఆర్ 5. ముల్లు వచ్చినా ముందుగా ఫోమ్‌ను దాటాలి. దాటినా, గాలిపోయిన రాత్రి ఒళ్ళు నొప్పి పుడుతుందేగాని ప్రాణం మీదకు రాదు. గాలిపరుపు, గాలి నింపే సంచితో కలిపి 560 గ్రాములు. రెండూ కలిసి కిలోకు లోపలే. ఆర్ 4.5 గాలిపరుపు ఒక్కటే కొనడం కంటె ఖర్చు కూడా తగ్గింది.

కాగితం మీద కూడిక సరేగాని, నా ఒంటికి అది నిజమో కాదో తెలుసుకోవాలనిపించింది. మా వృత్తిలో ఐసుకు కొదవ లేదు. తెలిసినవారి ఐసు ఫ్యాక్టరీలో, పని లేని మధ్యాహ్నం, నలగ్గొట్టిన ఐసును నేల మీద జానెడు ఎత్తున పరిపించి, పైన పలచటి ప్లాస్టిక్ షీటు వేసి, ఒక్కో పడకను దాని మీద పరిచి అరగంట చొప్పున వెల్లకిలా పడుకున్నాను. రొయ్య వేడిని చూసే డిజిటల్ థర్మామీటరు మొనను వీపుకూ పడకకూ మధ్య ఉంచాను. యోగా మ్యాట్ మీద పది నిమిషాలకే లేచిపోయాను. అమ్మ బొంత మొదట్లో ఆశ్చర్యపరిచింది గాని, అరగంటకు కింది పొరలు చెమ్మపట్టి 22 డిగ్రీలకు దిగింది. ఫోమ్ మీద 27 దగ్గర నిలిచింది. గాలిపరుపు మీద 30. రెండూ కలిపి వేసినప్పుడు 33 దాకా ఎక్కి అక్కడే నిలవడమే కాక, నాకు కునుకు కూడా పట్టింది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు. ఫ్యాక్టరీలో గాలి చల్లదనం మారుతూనే ఉంటుంది, మొదట పడుకున్నదానికీ చివర పడుకున్నదానికీ నా ఒళ్ళు ఒకేలా ఉండదు. అయినా ఏది దేని తరువాత వస్తుందో ఆ వరుస మీద నాకు నమ్మకం కుదిరింది. అక్కడ పనిచేసే కుర్రవాళ్ళు ఇద్దరు తామూ పడుకుని చూసి, పైన ఉన్నదానికంటె కింద ఉన్న ఫోమే గొప్పదని చెప్పారు. నా అభిప్రాయమూ చివరికి అదే అయింది.

గాలి నింపడం గురించి ఒక మాట చెప్పాలి. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల చేరి, చలిలో నీరై, తరువాత బూజు పట్టవచ్చు. అంతకంటె, మూడు వేల మీటర్ల ఎత్తున రోజంతా నడిచి వచ్చినవాడికి ముప్పై ఊదులు ఊదేసరికి కళ్ళు తిరుగుతాయి. అరవై గ్రాముల గాలిసంచి ఈ రెండు బాధలనూ తప్పిస్తుంది. దాన్ని బరువనుకుని ఇంట్లో వదిలేయవద్దు.

2023 అక్టోబరులో తాలుకా నుంచి నడక మొదలుపెట్టి, గంగాడ్, ఓస్లా మీదుగా మూడో రోజుకు హర్ కీ దూన్ చేరాము. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం. పాండవులు మహాప్రస్థానంలో ఎక్కిన కొండ అదేనని అక్కడివారు చెబుతారు. ఆ సాయంత్రం ఎండ ఉండగానే పరుపులు నింపుకుని, గుడారంలో వేసి, టీ కాచుకున్నాము. రాత్రి తొమ్మిదింటికి పడుకోబోతే నా పరుపు మెత్తగా, సగం గాలిపోయినట్టుంది. గుండె ఝల్లుమంది. నిమ్మతోట కళ్ళ ముందు మెదిలింది. టార్చి వేసి అతుకు చూశాను, అంచులు చూశాను, చెవి ఆనించి విన్నాను. ఏమీ లేదు. అప్పుడు తట్టింది: ఎండలో ఇరవై డిగ్రీల దగ్గర నింపిన గాలి సున్నాకు దిగితే ఏడు శాతం దాకా కుంచించుకుపోతుంది. ఇంకో రెండు సంచుల గాలి నింపగానే బిగువుకు వచ్చింది. ఆ తరువాత ప్రతి రాత్రీ, పడుకునే ముందు మరోసారి నింపడం అలవాటు చేసుకున్నాము. పగలు ఇందుకు ఎదురు జరుగుతుంది. బిగువుగా నింపిన పరుపును ఎండలో వదిలేస్తే లోపలి గాలి ఉబ్బి, గదుల మధ్య అతుకులు విడిపోయే ప్రమాదముంది. అందుకే పొద్దున లేవగానే మూత తెరిచేవాళ్ళం.

ఆ రాత్రి నేను ఆరు గంటలు నిద్రపోయాను. తెల్లవారి గుడారం బయట పెట్టిన సీసాలో నీరు పైన పలక కట్టి ఉంది. కింద చెయ్యి పెట్టి చూస్తే, గుడారం అడుగు ఐసులా ఉంది, ఫోమ్ పైభాగం చల్లగా ఉంది, గాలిపరుపు పైభాగం గోరువెచ్చగా ఉంది. రెండు పొరల మధ్య ఉన్న ఆ తేడాను అరచేత్తో తడిమి చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను మాటల్లో పెట్టలేను. పగటిపూట నడకలో ఆగిన ప్రతిచోటా ఫోమ్ మ్యాట్ ఒక్కటే బయటకు వచ్చేది. తడిరాయి మీద వేసుకుని కూర్చోవడానికి, వంట చేసేటప్పుడు మోకాళ్ళ కింద పెట్టుకోవడానికి. గాలిపరుపుతో అది చేయలేము. గాలిపరుపు మీద పక్కకు తిరిగితే వెండిపొర గరగరమని చప్పుడు చేసేది, అది ఒక్కటే బావమరిది ఫిర్యాదు.

తిరిగివచ్చాక గాలిపరుపును మూత తెరిచి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చుట్టకుండా, మంచం కింద పరిచి ఉంచాను. చుట్టి అటక మీద పెడితే మడతల దగ్గర పూత దెబ్బతింటుంది, మా ఊరి ఉక్కకు లోపల వాసన పడుతుంది. ఫోమ్ మ్యాట్‌కు అటువంటి జాగ్రత్తలేవీ అక్కరలేదు. రాత్రి పట్టుబడులు ఉన్నప్పుడు చెరువు గట్టు మీద నాతోపాటే ఉంటోంది. గుంటలు కొద్దిగా అణిగాయి. రాబోయే అక్టోబరు లోపల దాన్ని మళ్ళీ ఐసు మీద వేసి, థర్మామీటరు పెట్టి, ఆ 27 ఇంకా నిలిచి ఉందో లేదో చూడాలి.